ఐదో కాగితం

“తాళంచెవులు ఇవ్వండి,” అంది రాధారాణి.

“ఇవ్వను,” అన్నాడు భీమశంకర్.

అరగంటగా ఇదే నడుస్తోంది. ఆమె కోటు వేసుకుని, సంచీ భుజాన తగిలించుకుని, గరాజ్‌లోకి వెళ్ళే తలుపు దగ్గర నిలబడింది. అతను రెండు కార్ల తాళాలూ పైజమా జేబులో వేసుకుని ఆ తలుపుకు అడ్డంగా నిలబడ్డాడు. ఆస్పత్రిలో పాతికమంది డాక్టర్లకు పాఠాలు చెప్పే మనిషి, ఆదివారం పొద్దున్నే పైజమా జేబు గట్టిగా పట్టుకుని నిలబడితే చూసేవాళ్ళకు నవ్వు రావాలి. ఫార్మింగ్టన్ హిల్స్‌లోని ఆ ఇంట్లో మాత్రం ఎవరికీ రాలేదు.

“సండే నీకు డ్యూటీ లేదు. ల్యాబ్‌కి ఫోన్ చేసి కనుక్కున్నాను.”

“ఇంకొకళ్ళ షిఫ్ట్ నేను తీసుకున్నాను.”

“ఒంటిగంటకి డాక్టర్ షెన్ లంచ్‌కి వస్తోందని తెలిసి మరీ తీసుకున్నావు.”

“అవును. తెలిసే తీసుకున్నాను.”

అతను గొంతు తగ్గించాడు. “రాధా, చిన్నపిల్లలా చెయ్యకు. ఆవిడిప్పుడు మన బేస్‌మెంట్‌లో అద్దెకున్న షెన్ కాదు. చైనాలో ఒక ప్రావిన్స్ మొత్తానికి హెల్త్ డైరెక్టర్. డెట్రాయిట్‌లో రెండు రోజులే ఉంటుంది. అందులో ఒక పూట మనింటికి వస్తానంది.”

“మీకు రావాలనుంది, మీరు పెట్టుకోండి. మధ్యలో నేనెందుకు?”

“నిన్నే అడిగింది. రాధ ఉంటుందా అని ఫోన్లో రెండుసార్లు అడిగింది.”

ఆ మాట అతని నోటి నుంచి ఇష్టంగా వచ్చినట్టు లేదు. రాధారాణి అతని ముఖంలోకి చూసింది. అతను చూపు తిప్పేసుకున్నాడు.

వంటింట్లో మినపప్పు కడుగుతున్న బాలమణి కల్పించుకుంది. మార్చిలో గ్రీన్‌కార్డు మీద వచ్చిన అత్తగారు ఆవిడ. ఏడు నెలల్లో మంచుని చూసింది, ఎండని చూసింది, కొడుకూ కోడళ్ళ పోట్లాటలు మాత్రం ఈ వారంలోనే చూస్తోంది.

“అబ్బాయ్, అమ్మాయిననకు. మొగుడు పొద్దస్తమానం పరాయి ఆడదాన్ని పొగుడుతుంటే ఏ పెళ్ళానికైనా ఒళ్ళు మండుద్ది.”

“అది కాదత్తయ్యా,” అంది రాధారాణి.

“మరేందమ్మా?”

రాధారాణి భుజం మీది సంచీ పట్టీ సర్దుకుంది.

ఆమెది అసూయే. దానికి ఇంకో మంచి పేరు పెట్టి దాచాల్సిన పని లేదు. కాకపోతే అత్తగారు అనుకుంటున్న అసూయ కాదు. మొగుణ్ణి ఎవరైనా ఎగరేసుకుపోతారన్న భయం రాధారాణికి ఏనాడూ లేదు. ఆమె కన్ను పడింది షెన్ కూర్చున్న కుర్చీ మీద.

షెన్ 1980 చలికాలంలో వచ్చింది. అమెరికాతో చైనాకు రాకపోకలు మళ్ళీ మొదలయ్యాక చదువుకోవడానికి పంపిన తొలి జట్లలో ఒకామె. ఒక ట్రంకు పెట్టె, ఒక దూది కోటు, నలభై నాలుగేళ్ళ వయసు. అంతకుముందు పదేళ్ళు పల్లెటూళ్ళలో, అన్నవాహికకు కేన్సర్ వచ్చి మెతుకు మింగలేని మనుషుల మధ్య తిరిగిన డాక్టర్. భీమశంకర్ ల్యాబ్‌లో చేరి, వీళ్ళ బేస్‌మెంట్‌లో గది తీసుకుంది. ఆ ల్యాబ్‌లోనే రాధారాణి స్లైడ్లు చదివేది. ఇద్దరు ఎదురెదురుగా కూర్చుని ఒకే స్లైడును చూడగల మైక్రోస్కోపు ముందు రెండేళ్ళు కూర్చున్నారు. మొదటి ఆరు నెలలూ నేర్పింది రాధారాణి.

రాధారాణి కూడా డాక్టరే. గుంటూరులో ఎంబీబీఎస్. పెళ్ళి, ప్రయాణం, పాప, భర్తగారి మూడు ఊళ్ళ ట్రైనింగు అయ్యాక, విదేశీ డాక్టర్లు రాసే పరీక్ష పాసయ్యేసరికి ముప్పై ఐదు నిండాయి. ఇక్కడ డాక్టర్‌గా పనిచెయ్యాలంటే ముందు ఆస్పత్రిలో చెయ్యాల్సిన ట్రైనింగు, రెసిడెన్సీ, దొరక్క స్లైడ్లు చదివే ఉద్యోగంలో ఉండిపోయింది. వేల కణాల్లో అనుమానంగా ఉన్న ఒక్కదాన్ని పట్టుకుని, దాని పక్కన నీలం సిరాతో చుక్క పెట్టాలి. తర్వాత డాక్టర్‌గారొచ్చి ఆ చుక్క దగ్గర చూసి, రిపోర్టు మీద సంతకం చేస్తారు. పదేళ్ళుగా చుక్క ఆమెది, సంతకం ఇంకొకరిది.

షెన్ 1982లో తిరిగి వెళ్ళింది. ఏడాది తర్వాత ఒక ఉత్తరం వచ్చింది, జిల్లా కేన్సర్ ఆస్పత్రికి పెద్దను చేశారని. చదువుకున్నవాళ్ళనే కుర్చీల్లో కూర్చోబెట్టాలన్న ఊపు అప్పుడు అక్కడ బాగా ఉందట. ఇంకో ఏడాదికి ఇంకో ఉత్తరం, ప్రావిన్స్ ఆరోగ్య శాఖలో డిప్యూటీ అయ్యానని. ‘నువ్వెలా ఉన్నావు, రాధా?’ అని రెండింట్లోనూ ఉంది. రాధారాణి రెండింటికీ జవాబు రాయలేదు. ఏమని రాస్తుంది? చుక్కలు పెడుతున్నాను అనా?

పోయిన వసంతంలో ఒక ఆస్పత్రి పాథాలజీ రెసిడెన్సీకి అప్లికేషన్ పెట్టింది. రా అనీ అనలేదు, వద్దు అనీ అనలేదు. ఆ నెలల్లోనే షెన్ ఏకంగా డైరెక్టర్ అయిందని భీమశంకర్ చెప్పాడు. ఆ పూట రాధారాణి అన్నం తినలేదు.

ఇప్పుడు ఆ తలుపు ముందు నిలబడి, తను పారిపోతోందని ఆమెకే అనిపించింది. సంచీ దించింది.

“గారెలు వద్దత్తయ్యా. గంజి కాస్తాను.”

“ఇంటికొచ్చిన దొరసానికి గంజి పెడతావా?” అంది బాలమణి.

“ఆవిడకు అదే ఇష్టం.”

* * *

షెన్ చెప్పులు గుమ్మం బయట విప్పి, హాల్లో వేసిన కొత్త సోఫా వైపైనా చూడకుండా సరాసరి వంటింట్లోకి వచ్చింది. బూడిదరంగు సూటు. జుట్టు సగం నెరిసింది. స్టవ్ మీది గిన్నె మూత ఎత్తి చూసి, “ఆవకాయ ఉందా?” అంది. ఇంగ్లీషులో అడిగినా ఆవకాయను ఆవకాయనే అంది.

రెండేళ్ళూ పొద్దున్నే ఆమె ఫలహారం అదే, గంజీ ఆవకాయా. రాధారాణికి తెలియకుండానే నవ్వు వచ్చింది. వచ్చిన నవ్వు చూసి తన మీద తనకే కోపమూ వచ్చింది.

బల్ల దగ్గర భీమశంకర్ ఆపకుండా మాట్లాడాడు. తన కొత్త ల్యాబ్ గురించి చెప్పాడు, అచ్చయిన పేపర్ల గురించి చెప్పాడు. “మీ ప్రావిన్స్‌లో స్క్రీనింగ్ మొదలుపెట్టాలంటే ముందు మంచి ప్లాన్ ఉండాలి, డాక్టర్ షెన్. అలాంటిది నేను ఆరు నెలల్లో వేసివ్వగలను,” అన్నాడు.

షెన్ మర్యాదగా తలూపింది. మళ్ళీ రాధారాణి వైపు తిరిగింది.

“నీ వేలు చూపించు.”

రాధారాణి కుడిచెయ్యి బల్ల కిందికి తీసుకుంది. పొద్దున పసుపు రాసి తోమినా చూపుడువేలి కొసన నీలం మరక పోలేదు. షెన్ ఆ చెయ్యి లాక్కుని, వేలు వెలుతురులో తిప్పి చూసింది.

“ఇంకా రోజూ చదువుతున్నావు.”

“అదే పని. చుక్కలు పెడుతున్నాను.”

“నేను మూడేళ్ళుగా మైక్రోస్కోపులో కన్ను పెట్టలేదు,” అంది షెన్. “పొద్దున మీటింగు, మధ్యాహ్నం మీటింగు. మిగతా టైమంతా స్టాంపు వెయ్యడం. పోయిన నెల ఒక జిల్లాలో ఒక స్లైడు నాకు చూపించారు. మామూలుగానే ఉంది అన్నాను. అందరూ సరే అన్నారు. అది కేన్సర్ అని నాకు రెండు రోజుల తర్వాత తెలిసింది. అక్కడున్న ఒక అమ్మాయికి అప్పుడే తెలుసు. డైరెక్టర్ మాటకు ఎదురు చెప్పకూడదని ఊరుకుంది.”

షెన్ గంజి ఒక గుక్క తాగింది.

“నిన్ను తలుచుకుంటే నాకు అసూయగా ఉంటుంది, రాధా. నువ్వు నాకు ఎదురు చెప్పేదానివి.”

రాధారాణి ఆమెను కన్నార్పకుండా చూసింది. మూడేళ్ళు కడుపులో పెట్టుకుని కుమిలిన మాటను ఆ మనిషి గంజి తాగుతూ అంత తేలిగ్గా ఎలా అనేసిందో ఆమెకు అర్థం కాలేదు.

“అందుకే నీ ఉత్తరం చదివి కోపం వచ్చింది,” అంది షెన్. “తర్వాత బాధ వేసింది.”

“ఏ ఉత్తరం?”

“పెరుగు వేసుకోండి, డాక్టర్ షెన్,” అన్నాడు భీమశంకర్.

షెన్ పెరుగు వేసుకోలేదు. సంచీలోంచి ఒక కవరు తీసి, లోపలి కాగితం విప్పి రాధారాణి ముందు పెట్టింది. “ఆగస్టులో ఆస్పత్రి అడ్రసుకి నీ పేరున రాశాను. ఒక ఏడాది వచ్చి మా అమ్మాయిలకు స్లైడ్లు చదవడం నేర్పమని అడిగాను. డాక్టర్‌గానే, టీచర్‌గానే. జీతం, ఇల్లు అన్నీ వివరంగా రాశాను. దానికి నీ జవాబు ఇది. నా రెండు ఉత్తరాలకూ జవాబు లేదు కదా, నన్ను వదిలేశావేమో అనుకుని నమ్మాను. కానీ నోటితో అడగకుండా వెళ్ళలేకపోయాను.”

టైపు చేసిన నాలుగు లైన్లు. ఇంటి బాధ్యతల వల్ల రాలేను, నాకన్నా నా భర్త ఈ పనికి అన్ని విధాలా తగినవారు, వారిని పిలవగలరు అని ఉంది. కింద సంతకం తనదే. అనుమానమే లేదు.

కానీ లైన్లు కాగితం పై భాగంలోనే అయిపోయాయి. సంతకం అట్టడుగున ఉంది. మధ్యలో జానెడు ఖాళీ.

ఆ ఖాళీ చూడగానే రాధారాణికి పోయిన ఏడాది అక్టోబరు గుర్తొచ్చింది. అత్తగారి గ్రీన్‌కార్డు కాగితాలు నడుస్తున్న రోజులు. అత్తగారి ఖర్చు నేనూ భరిస్తానని ఆమె రాసివ్వాల్సిన ఉత్తరంలో ఈ ముక్క లేదు, ఆ ముక్క లేదు అని ఇమిగ్రేషన్ వాళ్ళు తిప్పి పంపేవారు. ఆమెది సాయంత్రం షిఫ్ట్, అతనిది పగటి డ్యూటీ, సంతకానికి ఒకరికొకరు దొరికేవారు కాదు. “ఖాళీ కాగితాల మీద కింద సంతకాలు పెట్టి ఇచ్చెయ్, కావలసినప్పుడు పైన టైప్ చేసుకుంటాను,” అన్నాడు. స్లైడ్ల మీద చుక్క పెట్టే నీలం పెన్నుతో, వంట మధ్యలో, స్టవ్ పక్కనే నిలబడి ఐదు కాగితాల మీద సంతకం పెట్టింది. పెళ్ళాం మొగుడికి సంతకం పెట్టి ఇవ్వడం కూడా ఆలోచించి చేసే పనా?

ఆమె తలెత్తి భర్తను చూసింది. అతను పెరుగు గిన్నెలోకి చూస్తున్నాడు.

“రేపు పదింటికి మేము వాషింగ్టన్ వెళ్తాం,” అంది షెన్. “అక్కడ మా ఎంబసీలో, పిలుస్తున్నవాళ్ళ పేర్ల జాబితా ఇచ్చెయ్యాలి. ఈ కాగితంలో ఉన్నట్టు డాక్టర్ భీమశంకర్ పేరే ఇవ్వనా? నువ్వు చెప్పు.”

బల్ల చుట్టూ నలుగురున్నారు. బాలమణికి ఇంగ్లీషు రాదు. అయినా ముద్ద నోట్లో పెట్టుకోకుండా కోడలి ముఖమే చూస్తోంది.

“సంతకం నాదే,” అంది రాధారాణి నెమ్మదిగా. “జవాబు మాత్రం కాగితం మీద ఇవ్వను. రేపు తొమ్మిదింటికి నేనే మీ హోటల్‌కి వచ్చి నోటితో చెప్తాను.”

షెన్ ఆమెను చూసింది, అతన్ని చూసింది. కాగితం మడిచి తిరిగి సంచీలో పెట్టుకోబోయి, ఆగి, బల్ల మీదే వదిలేసింది.

* * *

షెన్ హాల్లో బాలమణితో సైగలతో మాట్లాడుతుండగా, భీమశంకర్ కారు తాళాల కోసం వంటింట్లోకి వచ్చాడు.

“ఎందుకు చేశారు?” అంది రాధారాణి.

“తర్వాత మాట్లాడదాం. ఆవిణ్ణి దింపి వస్తాను.”

“ఇప్పుడే చెప్పండి. ఒక్క ముక్క చాలు.”

అతను హాలు వైపు చూసి గొంతు తగ్గించాడు. “నా ల్యాబ్‌లో స్లైడ్లు కడిగిన మనిషి. ఇవాళ డైరెక్టర్. సరే, ఆవిడ అదృష్టం. కానీ పిలిస్తే ఎవర్ని పిలవాలి? ఆవిడకు చోటిచ్చింది నేను. ఇక్కడ ఉండటానికి సంతకాలు పెట్టింది నేను. నన్ను కాదని నిన్ను పిలిచింది. ఆ కవరు చింపి చదివినప్పుడు నాకెలా ఉందో నీకు తెలీదు.”

“తెలుసు,” అంది రాధారాణి. “మూడేళ్ళుగా నాకూ అలాగే ఉంది. నేను ఎవరి సంతకమూ వాడుకోలేదు.”

హాల్లోంచి షెన్ పిలిచింది. అతను వెళ్ళిపోయాడు.

కారు వీధి మలుపు తిరిగేదాకా కిటికీ దగ్గర నిలబడి, రాధారాణి అతని రాతబల్ల దగ్గరికి వెళ్ళింది. అత్తగారి ఫైలు తీసి కాగితాలన్నీ కార్పెట్ మీద పరిచింది. ఇమిగ్రేషన్‌కు పంపిన ఉత్తరాల కాపీలు ఒక్కొక్కటే పక్కకు పెట్టింది. ఒకటి, రెండు, మూడు. షెన్ వదిలి వెళ్ళినది నాలుగు.

బాలమణి వచ్చి సోఫా అంచున కూర్చుంది.

“అమ్మాయ్, ఒక మాట చెప్తాను, ఏమీ అనుకోకు. ఆ చీనా ఆవిడకీ వాడికీ మధ్య ఏమీ లేదు. నేను కళ్ళారా చూశాగా. వాడి వంకైనా చూళ్ళేదావిడ.”

“అదే ఆయన బాధ, అత్తయ్యా.”

బాలమణికి అర్థం కాలేదు. “ఏం వెతుకుతున్నావు?”

“మీ కాగితాలే. ఐదు పెట్టాను సంతకాలు. నాలుగే లెక్క తేలాయి.”

“వాడి దగ్గర ఉండుంటుందిలే. కాగితం ఎక్కడికి పోద్ది?”

రాధారాణి అన్ని సొరుగులూ లాగి చూసింది. ఆఖరి సొరుగులో పాత కరెంటు బిల్లుల కింద షెన్ ఆగస్టులో రాసిన ఉత్తరం దొరికింది. కవరు మీద ‘డాక్టర్ రాధారాణి’ అని ఉంది. ఈ దేశంలో ఆమెను అలా పిలిచిన కాగితం అదొక్కటే. ఆమె దాన్ని కొంగుతో తుడిచి ఒళ్ళో పెట్టుకుంది. ఏడుపు వచ్చింది. అత్తగారి ముందు ఏడవడం ఇష్టం లేక ఇంకో సొరుగు లాగింది. అందులో కూడా ఖాళీ కాగితం లేదు.

మేడ మీంచి కూతురు రేణు దిగింది. పదమూడేళ్ళది. చెవులకున్న హెడ్‌ఫోన్లు మెడలోకి జార్చుకుని, కార్పెట్ నిండా పరిచిన కాగితాలు చూసింది.

“అమ్మా, షెన్ ఆంటీ వెళ్ళిపోయిందా? నాకు బై చెప్పలేదు. నువ్వు ఏం వెతుకుతున్నావ్?”

“ఒక తెల్ల కాగితం, నాన్నా. కింద నా సంతకం ఒక్కటే ఉంటుంది.”

“ఓ, అది,” అంది రేణు. “అది లేదు ఇంక. నేను టైప్ చేశాను కదా దాని మీద.”

రాధారాణి చేతిలోని సొరుగు సగంలో ఆగిపోయింది.

“నువ్వా?”

“నా కొత్త టైప్‌రైటర్ వచ్చింది కదా, ఏప్రిల్‌లో. డాడీ రెండు వేళ్ళతో టైప్ చేస్తాడు, వెరీ స్లో. నన్ను చెయ్యమన్నాడు. నువ్వు బిజీ, సైన్ చేసి ఇచ్చావు అన్నాడు.”

“ఎవరికి రాశారు?”

“హాస్పిటల్ వాళ్ళకి. ఆ రెసిడెన్సీ వాళ్ళు. వాళ్ళు నిన్ను ఇంటర్వ్యూకి రమ్మన్నారు కదా, ఆ సాటర్డే మెయిల్ డాడీనే తీశాడు, నువ్వు నో థాంక్యూ చెప్పావు. అదే లెటర్.” రేణు తల్లి ముఖం చూసి ఆగింది. గొంతు చిన్నదైంది. “అమ్మా? నువ్వే కదా వద్దన్నావ్? డాడీ స్పెల్లింగ్ కూడా నేనే కరెక్ట్ చేశాను.”

బాలమణి కోడలి వైపు చూసింది, మనవరాలి వైపు చూసింది. ఇంగ్లీషు ముక్కలు అర్థం కాకపోయినా ఇది మాత్రం ఆవిడకు అర్థమైంది. మెల్లగా లేచి వెళ్ళి రేణు భుజం మీద చెయ్యి వేసింది.

పిలిచారు. తనను పిలిచారు. ఆరు నెలలు ప్రతి మధ్యాహ్నం పోస్టు డబ్బా తెరిచి చూసి, నేను పనికిరానేమో, వయసు మించిపోయిందేమో అని తనను తాను తిట్టుకుంది. ఆ కసినంతా తీసుకెళ్ళి సముద్రానికి అవతల ఉన్న ఒక స్నేహితురాలి మీద పోసింది.

“అమ్మా, సే సంథింగ్,” అంది రేణు. కళ్ళలో నీళ్ళు నిండాయి.

“నువ్వేం తప్పు చెయ్యలేదు,” అంది రాధారాణి. “చక్కగానే టైప్ చేసి ఉంటావు.”

ఆమె నేల మీంచి లేచింది. షెన్ వదిలి వెళ్ళిన కాగితం, షెన్ రాసిన ఉత్తరం రెండూ తెచ్చి భోజనాల బల్ల మీద పక్కపక్కన పెట్టింది. వాటి పక్కన ఇంకో కాగితానికి సరిపడా చోటు ఖాళీగా వదిలి, ఎదురుగా ఉన్న కుర్చీని బయటికి లాగి ఉంచింది.

గరాజ్ తలుపు పైకి లేస్తున్న చప్పుడు వినిపించింది.